పెండ్లి పత్రిక మీది పత్తా

వైకుంఠం సేటుకు తన ఇల్లంటే ఇష్టం, ఇంటి ముందరి బట్టల దుకాణమంటే ప్రాణం. ఆ రెండూ ఉన్న గల్లీ పేరు వింటే మాత్రం మనసు చివుక్కుమనేది. ముప్ఫై ఏళ్ళుగా ఎలాగో సర్దుకుపోయాడు గానీ, బిడ్డ పెండ్లి పత్రిక ప్రూఫులో అదే పేరు కనబడేసరికి ఆయనకు చెమటలు పట్టాయి.

"బర్లదొడ్డి గల్లీ ఏందయ్యా? తియ్యి! ముందుగల అది తియ్యి!"

ఉప్పుగూడలో ఆ ప్రెస్సు వెంకటనారాయణది. తొక్కితే తిరిగే ట్రెడిల్ మిషను ఒకటి, సీసపు అక్షరాలు పోసుకునే చెక్క అరలు నాలుగు, గోడనిండా దేవుళ్ళ క్యాలెండర్లు. ముందుగదిలో యజమాని కూర్చుంటాడు. వెనకగదిలో కంపోజిటరు బాబురావు నిలబడతాడు. పదకొండేళ్ళుగా నిలబడి నిలబడి అతనికి కూర్చుని ఆలోచించడం అలవాటు తప్పింది.

"సేటూ, పోస్టాయన గూడ గట్లనే అంటడు గదా," అన్నాడు వెంకటనారాయణ.

"పోస్టాయన అంటడు, పాలాయన అంటడు. నా వియ్యంకుడెవరు? సికింద్రాబాద్ల మోటారు సామాన్ల దుకాణం పెట్టినాయన. ఆయన చుట్టాలు జనగామ నుంచి బస్సు చేసుకొని వస్తున్నరు. బర్లదొడ్డిల లగ్గమంటే ఏమనుకుంటరు? పేడ తొక్కుకుంట పోవాల్నా అనుకోరా?"

నిజానికి ఆ గల్లీలో బర్రె మొహం చూసి పదిహేనేళ్ళయింది. దొడ్డి పోయి ఇళ్ళొచ్చాయి, పేడ పోయి సిమెంటొచ్చింది, పేరు మాత్రం అక్కడే కట్టేసినట్టు ఉండిపోయింది.

వెనకగది గుమ్మంలోకి బాబురావు వచ్చాడు. చేతిలో సగం పేర్చిన అక్షరాల స్టిక్కు ఉంది. చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగి, చెప్పేశాడు.

"సేటూ, మన గల్లీకి ఇంకో పేరున్నది గదా."

"ఏం పేరు?"

"సిపాయి భిక్షపతి వీధి. యుద్ధమైనంక డెబ్బై రెండుల పెట్టిండ్రు. ఆ పొద్దు మైకుకు కరెంటు మీ దుకాణంల నుంచే ఇచ్చిండ్రు."

వైకుంఠం కళ్ళు చిట్లించాడు. "అవుగదా, మర్చేపోయిన! మరి బోర్డేదీ?"

"ఉన్నది."

"ఏడున్నది?"

"మీ బోర్డు కింద," అన్నాడు బాబురావు.

వైకుంఠానికి దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగినా తగ్గని దగ్గు. దసరా బేరాల కోసమని ఒక్క నెలకు తగిలించిన రేకు బోర్డు అది. 'వైకుంఠం వస్త్రాలయం' అని రెండు బారల వెడల్పున ఎర్రటి అక్షరాలు, పక్కన చీర పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. పెయింటరు తొందరలో వేశాడేమో, ఆమెకు ఒక కన్ను రెండోదానికంటే పెద్దది. ఆ దసరా వెళ్ళి ఆరు దసరాలయింది. ఆమె ఆ పెద్ద కన్నుతో రోడ్డును చూస్తూనే ఉంది.

"సిపాయి... భిక్షపతి... వీధి." వైకుంఠం ఒక్కో ముక్కా నోట్లో వేసుకుని రుచి చూశాడు. "గట్టిగనే ఉన్నదయ్యా! కొత్తోళ్ళకు పెద్ద సడకు లెక్క అనిపిస్తది. అదే వెయ్యి."

"కింద చిన్నగ బర్లదొడ్డి అని గూడ ఏద్దామా? దారి తెల్వనోళ్ళకు..." అన్నాడు వెంకటనారాయణ.

"చిన్నగ లేదు, పెద్దగ లేదు. బర్రెల మాటే వద్దు!"

సేటు వెళ్ళాక బాబురావు అరల ముందుకొచ్చాడు. డెబ్బై రెండులో ఆ పేరు పెట్టిన సభకు కరపత్రం పేర్చింది కూడా తనే. వేదిక మీది పెద్దల పేర్లు పదకొండు వచ్చాయి. లావు అక్షరాలన్నీ వాళ్ళకే సరిపోయాయి. భిక్షపతి పేరుకు వచ్చేసరికి సన్నవి మిగిలాయి. తప్పు ఎవరిదీ కాదు, అరలో ఉన్నన్నే కదా ఉంటాయి. కానీ చిన్నప్పుడు ఒకే సైకిలు మీద చార్మినార్ దాకా డబుల్ సవారీ పోయిన స్నేహితుడి పేరు సన్నగా పేర్చడం అతనికి ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా ఉంది. ఈసారి లావు అక్షరాల అర లాగాడు. భి, క్ష, ప, తి. క్ష ఒక్కటే ఉంది, అదీ అడుగున. ఊది, దుమ్ము తుడిచి, స్టిక్కులో నిలబెట్టాడు.

సాయంత్రం ఆ ప్రూఫు కాగితం మడవకుండా పట్టుకుని కాశమ్మ ఇంటికి పోయాడు. కాశమ్మ భిక్షపతి తల్లి. గల్లీలో మూడో ఇల్లు. అరుగు మీద కాళ్ళు చాపుకుని మోదుగాకుల ఇస్తార్లు కుడుతోంది. ఆకు మీద ఆకు, పుల్లతో ఒక పోటు, తిప్పడం, మళ్ళీ పోటు. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే ఆమె లోకం సంగతులన్నీ మాట్లాడగలదు. వైకుంఠం ఇంటి పెండ్లికి ఇస్తార్లు ఆమెవే.

"బాబూ, మీ ఇంట్ల కుక్కరు కూత వెడ్తున్నది, నీ పెండ్లానికి చెప్పు," అంది తలెత్తకుండానే. బాబురావు ఇల్లు ఆరిళ్ళ అవతల. కాశమ్మవి పాము చెవులని గల్లీలో పిల్లా పెద్దా అందరికీ తెలుసు.

"అది సరే గని పెద్దమ్మా, ఇది చూడు."

"నాకు సదువొస్తదా? నువ్వే సదువు."

బాబురావు వధూవరుల పేర్లు దాటేసి నేరుగా పత్తాకు, పెండ్లి ఇంటి చిరునామాకు వచ్చాడు. చదివాడు. కాశమ్మ చేతిలో పుల్ల ఆగింది.

"మళ్ళ సదువు."

మళ్ళీ చదివాడు. ఆమె వేలు చాచి, "ఇదేనా? ఈడికెళ్ళి ఈడిదాకనా?" అంటూ అక్షరాల మీద నడిపించింది. సిరా ఇంకా ఆరలేదు. వేలికి నల్లగా అంటుకుంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

"మా పిల్లగాడు పోయి ఏడేండ్లాయె," అంది. "దండలేసిండ్రు, శాలువ కప్పిండ్రు, పేరు పెట్టిండ్రు. పేరు పెట్టింది పిలువనీకి గదా బాబూ? ఒక్క పరాయి నోట్ల కెళ్ళి ఆ పేరు ఇందామని నా పానం కొట్టుకుంటది. నేనంటే ఏమున్నది, తల్లిని. నువ్వంటే దోస్తువు. మనల్ని ఎరగనోడు అనాలె."

దానికోసం ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. కిందటేడు సైకిల్ రిక్షా అతను, "బర్లదొడ్డి వచ్చింది, దిగవ్వా," అంటే దిగనని భీష్మించింది. సరైన పేరు చెబితేనే దిగుతానంది. అతనికి ఆ పేరు తెలియదు. ఈ గల్లీ కాదేమోననుకుని పాపం ఆమెను ఇంకో మూడు గల్లీలు తిప్పి, మొదటికే తెచ్చి దింపి దండం పెట్టి వెళ్ళాడు. వైకుంఠాన్ని బోర్డు తియ్యమని రెండుసార్లు అడిగింది. "ఈ దసరా కానియ్యవ్వా," అన్నాడు రెండుసార్లూ.

బాబురావు తల దించుకున్నాడు. ఆ రేకు బోర్డు తగిలించిన రోజు కింద నిచ్చెన పట్టుకున్నది తనే. ఒక్క మాట అనలేకపోయాడు. ఆ సంగతి పెద్దమ్మకు తెలియదని ఒక ధైర్యం.

పెండ్లినాడు ఉదయానికి దుకాణం ముందు పందిరి, మామిడాకులు, లోపల వంటవాళ్ళ లొల్లి. ముహూర్తం పదిన్నరకు. పెండ్లికొడుకునూ అతని తల్లిదండ్రులనూ సేటు ముందురోజే తన మోటారులో తెచ్చి లాల్‌దర్వాజా దగ్గర విడిదిలో దింపాడు కాబట్టి వాళ్ళు బాగానే వచ్చారు. రావలసింది పెండ్లికొడుకు మేనమామ ఆనందరావు. జనగామ నుంచి ముప్ఫై మందితో బస్సులో వస్తున్నాడు. వాళ్ళింట్లో పుస్తెలు మేనమామే తేవాలని ఆచారం. ఎనిమిదికల్లా రావలసిన మనిషి తొమ్మిదిన్నరకూ రాలేదు.

ఇస్తార్ల కట్టలు దింపుతున్న బాబురావు మీదికి వైకుంఠం ఉరికొచ్చాడు.

"ఏమయ్యా, నీ సిపాయి వీధి నా కొంప ముంచింది! ఎవనికి ఎరుక ఆ పేరు? ఛత్రినాక దగ్గర ఎవరో జనగామ బస్సు చూసిండ్రంట. అటు పోయి ఇటు పోయిందంట. పుస్తెలు బస్సుల తిరుగుతున్నయి, పిల్ల పీటల మీద కూసున్నది! ముహూర్తం తప్పిందో, ఆ ప్రెస్సుల నువ్వు ఇంకో దినం నిలబడవు, చెప్తున్న!"

బాబురావు చేతిలోని కట్ట అక్కడే వదిలేశాడు. సైకిలెక్కి ఛత్రినాక వైపు తొక్కాడు. కట్టలు దింపేసిన కాశమ్మ, "నేను టేసను దిక్కు పోత," అని కొంగు బిగించి రెండో వైపు నడిచింది.

పత్తా అడిగితే తెలియదనడం పాతబస్తీ మర్యాద కాదు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపనట్టే, దారి అడిగిన మనిషిని కూడా ఏదో ఒక దారి ఇచ్చి పంపుతారు. ఛాయ్ హోటలు ముందు బల్ల మీది పెద్దాయన సాసరులో ఛాయ్ ఊదుకుంటూ, "హాఁ భాయ్, జనగామ బస్సు ఆయా థా. సిపాయి అంటే పోలీసు లైన్లల్ల ఉంటది గదా అని దబీర్‌పురా పంపిన," అన్నాడు ఎంతో తృప్తిగా. సైకిల్ టాక్సీ దుకాణమతను, "మళ్ళ వాపసు వచ్చిండ్రన్నా. భిక్షపతి అంటే కట్టెల అడితి భిక్షపతే అనుకొని అడితికి తోలిన," అన్నాడు. అడితి దగ్గరి మనిషి పెండ్లివాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, కట్టెలు ఎన్ని కావాలని అడిగి, స్టేషను దారి చూపాడట. ఎవరికీ చెడుబుద్ధి లేదు. అందరూ కలిసి బస్సును రెండు గంటలు ఊరేగించారు.

స్టేషను వైపు మళ్ళిన బాబురావుకు రైలు గేటు దగ్గర దుమ్ముకొట్టుకుపోయిన బస్సు కనబడింది. కదిలి మెల్లగా ఇటే వస్తోంది. బస్సు ముందు, ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపుకుంటూ కాశమ్మ నడుస్తోంది. ఎక్కమంటే ఎక్కలేదట, ఎక్కితే దారి సరిగా చూపలేనందట.

"బాబూ!" అని దూరం నుంచే కేకేసింది. "అడుగుతున్నరు! టేసను కాడ అందర్ని అడుగుతున్నరు, మా పిల్లగాని పేరు!" ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో బాబురావుకు అర్థం కాలేదు.

పది దాటి అయిదు నిమిషాలకు బస్సు దుకాణం ముందు ఆగింది. ఆనందరావు దిగాడు. భారీ మనిషి. తలపాగా చెవి మీదికి జారింది, మీసాల మీద దుమ్ము. చంకలో పుస్తెల పెట్టె. వైకుంఠం ఎదురెళ్ళి పన్నీరు చల్లబోతే చేత్తో ఆపాడు.

"ఆగు బావా. ముందుగల ఒక మాట. రెండు గంటల సంది తిరుగుతున్నం. మేం అడగని మనిషి లేడు. ఆ పేరుగల వీధి ఈ పట్నంలనే లేదు. ఈ అవ్వ మమ్మల్ని తోలుకొస్తుంటే, 'బర్లదొడ్డికేనా అవ్వా' అని దారిల ఒక రిక్షాయన అడిగింది గూడ నేను ఇన్న. దొంగ పత్తా అచ్చేస్తరా? పత్తాలనే అబద్ధమాడినోళ్ళు ఇంక దేంట్ల ఆడలె?"

పందిట్లో సన్నాయి అతను ఊదడం మానేశాడు. వైకుంఠం మొహం సున్నం కొట్టినట్టయింది. బర్రెల సంగతి దాచబోతే అబద్ధాలకోరు అనే పేరొచ్చింది. పైగా పెట్టె ఇంకా ఆనందరావు చంకలోనే ఉంది.

"అబద్ధం కాదు బావా! సర్కారు పెట్టిన పేరు. బోర్డున్నది!"

"ఏదీ, చూపెట్టు."

వైకుంఠం తల పైకెత్తాడు. ఎర్ర అక్షరాలు, చీర పట్టుకున్న ఆమె, ఆమె పెద్ద కన్ను. సేటు ఒక్కసారి గడియారం చూశాడు, ఒకసారి కాశమ్మ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"బాబురావ్," అన్నాడు నీరసంగా. "నిచ్చెన తే. నా బోర్డు దించు."

నిచ్చెన గోడకు చేరేసి పట్టుకోవడానికి మనిషి కోసం బాబురావు అటూ ఇటూ చూశాడు. కాశమ్మ వచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.

"ఆ పొద్దు గూడ ఇదే నిచ్చెన నువ్వు పట్టినవు గద బాబూ," అంది మెల్లగా, ఇద్దరికే వినపడేట్టు. "ఇయ్యాల నువ్వు ఎక్కు. నేను పడ్త."

బాబురావుకు ఒక్కసారిగా కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆరేళ్ళుగా ఈమె ఈ సంగతి తెలిసే తనకు సర్వపిండి పెట్టింది, తెలిసే కొడుకు ముచ్చట్లు చెప్పింది. గబగబా మెట్లెక్కాడు. తుప్పు పట్టిన తీగలు పటకారుతో తెంపాడు. కొక్కెం ఒకటి వదిలింది, రెండోది మొండికేసి చివరికి అదీ వదిలింది. రేకు బోర్డు గోడ వెంట గరగరమంటూ జారి, పందిరి గుంజకు తగిలి, మధ్యకు వంగి కింద పడింది. దాని వెనక నుంచి గూటి గడ్డి, దుమ్ము, రెండు పిచ్చుకలు బయటికొచ్చాయి.

గోడ మీద నీలం రంగు పలక మిగిలింది. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో తెల్లటి అక్షరాలు, పైన ఆరేళ్ళ మసి. కాశమ్మ కొంగు తడిపి పైకి అందించింది. బాబురావు తుడిచాడు. ఆనందరావు కిందనుంచి, కోపం పూర్తిగా దిగని గొంతుతోనే, పైకి చదివాడు.

"సిపాయి భిక్షపతి వీధి." ఆగాడు. "ఎవరీ భిక్షపతి?"

కాశమ్మ నిచ్చెన వదలకుండానే చెప్పింది.

"మా పిల్లగాడు. తూర్పు దిక్కు లడాయిల పోయిండు."

ఆనందరావు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. దుమ్ములో నడిచొచ్చిన ఉత్త కాళ్ళు, మోదుగాకు పసరు పట్టిన వేళ్ళు. జారిన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పుస్తెల పెట్టె మూత తెరిచి ఆమె ముందుకు చాచాడు. కట్టే ముందు పుస్తెలను పెద్దవాళ్ళందరూ ముట్టుకుని దీవిస్తారు. భర్త లేని మనిషినని కాశమ్మ ఎప్పుడూ ఆ వరసలో నిలబడేది కాదు. ఇప్పుడూ వెనక్కి జరగబోయింది.

"నాకెందుకయ్యా, తప్పు..."

"నువ్వు దారి చూపకుంటే ఈ పుస్తెలు ఈడికి రాకపోతుండె. ముందుగల నువ్వు ముట్టవ్వా. నా మేనల్లునికి మంచి జరుగుతది."

ఎవరో గొణిగారు. ఆనందరావు అటు తిరిగి చూసేసరికి ఆ గొణుగుడు ఆగింది. కాశమ్మ చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, ఒక్క వేలితో పుస్తెలను తాకింది. సన్నాయి మళ్ళీ మొదలైంది. మూడు ముళ్ళూ వేళకే పడ్డాయి. బాబురావు ఉద్యోగమూ నిలబడింది, అతనూ ఎప్పటిలా నిలబడ్డాడు.

వంగిన రేకు బోర్డు మళ్ళీ పైకెక్కలేదు. ముప్ఫై మంది చుట్టాల ముందు దించిన దాన్ని మళ్ళీ ఎక్కించడానికి సేటుకు మొహం చెల్లలేదు. గడప పక్కన చిన్న బోర్డు రాయించుకున్నాడు. ఈసారి పెయింటరు ఆడమనిషికి రెండు కళ్ళూ సమంగా వేశాడు. ఇక ఛత్రినాక నుంచి దబీర్‌పురా దాకా జనగామ బస్సు కథ ఛాయ్ హోటళ్ళన్నిట్లో తిరిగింది. తప్పుదారి చూపినవాళ్ళందరూ, "ఆ వీధి మాకెందుకు తెల్వదు, ఆ బస్సాయనే సరిగ్గ అడగలె," అనసాగారు. ఛాయ్ బల్ల పెద్దాయన ఇప్పుడు ఎవరూ అడగకపోయినా సిపాయి భిక్షపతి వీధికి దారి చెబుతున్నాడు.

పెండ్లయిన అయిదో రోజు మధ్యాహ్నం బాబురావు అన్నానికి ఇంటికొస్తున్నాడు. గల్లీ మొగలో ఎవరో కొత్త మనిషి, చేతిలో చేతిసంచి. అరుగు మీద కాశమ్మ ఇస్తార్లు కుడుతోంది.

"అవ్వా, సిపాయి భిక్షపతి వీధి ఇదేనా?"

కాశమ్మ ఆకు తిప్పింది. పుల్ల గుచ్చింది. తలెత్తలేదు.

"ఏందీ?"

అతను ఒక అడుగు ముందుకేశాడు. "సిపాయి భిక్షపతి వీధి, అవ్వా!"

"ఇంకొంచెం గట్టిగ చెప్పు కొడుకా. ముసలిదాన్ని."

బాబురావు సైకిలు దిగి, స్టాండు వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆరిళ్ళ అవతల కుక్కరు కూత వినే మనిషి. కొత్త మనిషి పాపం చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గల్లీ ఆ చివరిదాకా వినపడేలా అరిచాడు.

"సిపాయి! భిక్షపతి! వీధి!"

కాశమ్మ అప్పుడు తలెత్తింది.

"ఇదే కొడుకా," అంది. "ఇదే. కూసో, మంచినీళ్ళు తాగి పోదువు."